ఇంటికో ఇన్‌వర్డ్ రిజిస్టర్: కొనడం తగ్గించుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

నేను 31 ఏళ్లు ఒక యంత్రాల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూశాను. బోల్టు దగ్గర్నుంచి బేరింగు దాకా లోపలికి వచ్చింది వచ్చినట్టు రాసుకోవడం, బయటికి వెళ్లేదానికి సంతకం పెట్టించుకోవడం, ఇదే నా ఉద్యోగం. రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. వాళ్లుండేది సంపన్న దేశం. మొదటి నెల ఏమీ తోచక, గుమ్మం ముందు దిగే అట్టపెట్టెలు లెక్కపెట్టాను. 30 రోజుల్లో 41. ఇంట్లో ఉండేది నలుగురు, నాతో కలిపి ఐదుగురు.

"ఇన్ని ఏమొస్తున్నాయమ్మా?" అంటే, "పెద్దవేం కాదు నాన్నా, అన్నీ చిన్నచిన్నవే" అంది.

ఆ మాట నేను ఉద్యోగమంతా విన్నదే. పెద్ద మెషీన్ కొనాలంటే నలుగురి సంతకాలు కావాలి, నెల రోజులు ఫైలు తిరగాలి. వాషర్ల డబ్బా తెప్పించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే స్టోర్స్ నిండేది ఎప్పుడూ చిన్నవాటితోనే.

తర్వాత ఏడాది పాటు ఆ ఇంట్లో మేం చేసిన పని ఇక్కడ రాస్తున్నాను. మీరు చేసుకోవాలనుకుంటే చేసుకోవచ్చు. అయితే ఇది ఉన్నవాళ్ల కోసం. లేనివాళ్లకి తగ్గించుకోమని చెప్పే హక్కు నాకు లేదు, అవసరమూ లేదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచం మొత్తం మీద ఏడాదికి భూమి నుంచి తీసే ముడిసరుకు (ఖనిజాలు, ఇంధనాలు, ఇసుక, కలప, పంటలు అన్నీ కలిపి) 1970లో సుమారు 3,000 కోట్ల టన్నులుంటే ఇప్పుడు 10,600 కోట్ల టన్నులు దాటింది. సంపన్న దేశాల్లో ఒక మనిషి వాడే సరుకు పేద దేశాల మనిషి వాడేదానికి ఆరు రెట్లు. వాతావరణం మీద పడే భారం పది రెట్లు. మా అమ్మాయి గుమ్మం ముందు దిగిన 41 పెట్టెలూ ఈ లెక్కలోవే.

ముందు చేయకూడని పని

చాలామంది ఇల్లు ఖాళీ చేయడంతో మొదలుపెడతారు. మేమూ అదే చేశాం. ఒక శనివారం అల్మరాలన్నీ దులిపి తొమ్మిది సంచుల బట్టలు కట్టి దానం పెట్టెలో వేసి వచ్చాం. ఇల్లు చక్కగా కనిపించింది. మూడు నెలలు తిరక్కుండా అల్మరాలు మళ్లీ నిండాయి. తప్పు నాదే. ఉద్యోగంలో తెలిసిన సంగతే ఇంట్లో మర్చిపోయాను: రాక్ ఖాళీగా కనిపిస్తే సరుకు దానంతట అదే వచ్చి చేరుతుంది. సర్దుకోవడం వేరు, తగ్గించుకోవడం వేరు.

పైగా ఆ తొమ్మిది సంచులు ఎక్కడికెళ్లాయి? సంపన్న దేశాలు దానం చేసే బట్టల్లో పెద్ద భాగం ఊళ్లో ఎవరికీ అందదు. బేళ్లు కట్టి ఎగుమతి చేస్తారు. ఘనా రాజధాని అక్రాలోని కాంటమాంటో మార్కెట్‌కి వారానికి సుమారు 1.5 కోట్ల పాత బట్టలు దిగుతాయని అక్కడ పనిచేసే సంస్థ లెక్క. అమ్ముడుపోనివి మురుగు కాలువల్లోకి, సముద్రపు ఒడ్డుకి చేరుతున్నాయి. చిలీలోని ఇకీకె రేవులో దిగిన బట్టల్లో పనికిరానివి దగ్గర్లోని అటకామా ఎడారిలో గుట్టలుగా పడ్డాయి. వాటిలో లేబుల్ కూడా తీయనివి ఉన్నాయి. పాత బట్టల నూలు మళ్లీ కొత్త బట్టగా మారేది ఒక్క శాతం కంటే తక్కువ. మనం సంచి ఇచ్చేసి మనసు తేలిక చేసుకుంటాం, అంతే.

కాబట్టి మొదటి రెండు నెలలు ఏమీ పారేయకండి, ఏమీ ఇచ్చేయకండి. ఇల్లు ఇరుకుగా ఉంటే ఉండనివ్వండి. ఆ ఇరుకే మీకు పని చేసిపెడుతుంది. ముఖ్యంగా సర్దుకునే డబ్బాలు, బుట్టలు, అరలు కొనకండి. సరుకు ఎక్కువైందని దాన్ని పెట్టడానికి ఇంకో సరుకు కొనడం కంటే తెలివితక్కువ పని నేను చూడలేదు.

లెక్క తీయడం

ఫ్యాక్టరీలో ఏడాదికోసారి ఫిజికల్ వెరిఫికేషన్ ఉంటుంది. పుస్తకంలో ఉన్నది రాక్‌లో ఉందో లేదో ఒక్కొక్కటీ ముట్టుకుని లెక్కపెట్టడం. ఇంట్లో కూడా ఇదే చేయాలి, కానీ ఇల్లంతా ఒకేసారి వద్దు, నడుములు పడిపోతాయి. వారానికి ఒక రకం చాలు. ఒక వారం చార్జర్లూ వైర్లూ, ఒక వారం చెప్పులూ బూట్లూ, ఒక వారం వంటింటి పరికరాలు.

ఇందులో ఒక చిన్న కిటుకు ఉంది. లెక్కపెట్టే ముందు ఎన్ని ఉంటాయో ఇంట్లో అందరూ తలా ఒక కాగితం మీద రాయాలి. మా అల్లుడు తన టీషర్టులు 20 అని రాశాడు. 64 తేలాయి. "మామయ్యగారూ, మళ్లీ లెక్కపెట్టండి" అన్నాడు పాపం. మళ్లీ పెడితే 66. ఆరబెట్టిన వాటిలో రెండు ఉండిపోయాయి మరి. చార్జర్ వైర్లు అందరం పది లోపు రాశాం. 27 ఉన్నాయి. వాటితో చార్జ్ అయ్యేవి ఏడు. ఒక నూలు టీషర్టు తయారవడానికి పత్తి చేను నుంచి సుమారు 2,700 లీటర్ల నీళ్లు పడతాయని మనవడికి చెబితే, వాడు 66 పెట్టి గుణించి వాళ్ల నాన్న ముందు పెట్టాడు. 1,78,200. నేను ఎంత ఉపన్యాసం ఇచ్చినా ఆ కాగితం చేసినంత పని చేయలేకపోయేది. పత్తికి నీళ్లు తోడితే ఏమవుతుందో చూడాలంటే ఆరల్ సముద్రం ఉంది. 1960కి ముందు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు అది. పత్తి సాగు కోసం రెండు నదుల నీళ్లు మళ్లించాక చాలా భాగం ఉప్పు ఎడారి అయింది.

లెక్క తీసినప్పుడు ప్రతి రకంలోనూ డెడ్ స్టాక్ విడిగా గుర్తు పెట్టుకోండి. ఏడాదిగా చెయ్యి తగలనిది డెడ్ స్టాక్. దాన్ని కదపొద్దు, కాగితం మీద రాసుకుంటే చాలు. తర్వాత పనికొస్తుంది.

రిజిస్టర్

ఇక అసలు పని. ఒక మామూలు నోటు పుస్తకం గుమ్మం దగ్గర పెట్టండి. ఫోన్లో యాప్ వద్దు. అది ఎవరికీ కనిపించదు. పుస్తకంలో నాలుగు గడులు: తేదీ, వస్తువు, ఎందుకు, పాతది ఏమైంది. తిండి సరుకులు, మందులు తప్ప గుమ్మం దాటి వచ్చే ప్రతిదీ అందులో ఎక్కాలి. ఎవరో ఇచ్చిన బహుమతి కూడా, ఉచితంగా వచ్చిన పెన్ను కూడా. ధర గడి పెట్టకండి. ధర పెడితే చౌకగా వచ్చిందని సంతోషిస్తారు. అసలు రోగమే అది.

నాలుగో గడి ముఖ్యం. కొత్తది వచ్చిందంటే పాతది పాడై ఉండాలి, లేదా పోయి ఉండాలి, లేదా అసలు ఎప్పుడూ లేనిదై ఉండాలి. మా వాళ్ల మొదటి నెల రిజిస్టర్‌లో ఆ గడిలో ఎక్కువగా కనిపించిన మాట "ఉంది". కొత్త హెడ్‌ఫోన్లు, పాతవి ఉన్నాయి. కొత్త నీళ్ల సీసా, పాతవి ఆరు ఉన్నాయి. నేనేమీ అనలేదు. తన చేత్తో "ఉంది" అని పదిసార్లు రాసిన మనిషికి ఇంకొకరు చెప్పాల్సింది ఉండదు.

మనవడికి తొమ్మిదేళ్లు. వాడికి గేటు డ్యూటీ ఇచ్చాను. ఇది కొంచెం జాగ్రత్తగా చేయాలి. ఒకరోజు వాడు వాళ్లమ్మని వాకిట్లోనే నిలబెట్టి "ఎందుకు కొన్నావు, చెప్పు" అని నిలదీశాడు. అప్పటికే ఆఫీసు నుంచి అలిసి వచ్చిందేమో, పెద్ద గొడవైంది. పిల్లలకి రాసే పని ఇవ్వండి, అడిగే అధికారం ఇవ్వకండి.

ఇండెంట్

రెండో నెల నుంచి ఇండెంట్ మొదలుపెట్టాం. ఫ్యాక్టరీలో ఏ విభాగానికైనా ఏదైనా కావాలంటే నేరుగా కొనడం ఉండదు. ఏం కావాలి, ఎందుకు కావాలి అని కాగితం రాసి స్టోర్స్‌కి పంపాలి. నేను చూసి, ఉంటే "స్టాకులో ఉంది" అని రాసి సరుకు ఇచ్చేవాణ్ని. లేకపోతేనే అది కొనుగోలు విభాగానికి వెళ్లేది. నా దగ్గరికి వచ్చిన ఇండెంట్లలో ఎన్నిటికో అడిగింది రాక్‌లోనే ఉండేది. అడిగినవాళ్లకి తెలియదు, అంతే.

ఇంట్లో: రిజిస్టర్ వెనక పేజీలో కావాల్సిన వస్తువు, తేదీ రాయండి. 30 రోజులు ఆగండి. చెప్పు తెగితే, చలికోటు జిప్పు ఊడి బాగవకపోతే ఆగక్కర్లేదు, వెంటనే కొనుక్కోండి. మిగతావి ఆగుతాయి. నెల తర్వాత ఆ పేజీ తీసి చూస్తే సగానికి పైగా ఎందుకు రాశామో మాకే గుర్తులేదు. ఫోన్లో దాచి ఉంచిన కార్డు నంబరు తీసేయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఒక్క నొక్కుతో కొనేవాడికి ఇండెంట్ రాసే తీరిక ఎక్కడిది?

ఇండెంట్ రాసేటప్పుడు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. దీని వెనక ఏమేం వస్తాయి? కొత్త మెషీన్ ఒకటి దిగిందంటే నాకు భయం వేసేది. దాని బెల్టులు, ఫిల్టర్లు, సీళ్లు, దానికే పట్టే నూనె, అన్నిటికీ కొత్త బిన్ కార్డులు (ఏ సరుకు ఎంతుందో రాసే అట్టలు) రాయాలి. అమ్మాయి వాళ్లు కాఫీ మెషీన్ కొన్నాక రిజిస్టర్ తిరగేస్తే, దాని కోసం వచ్చినవి మరో ఏడు వస్తువులు. రోజూ వాడి పారేసే కాఫీ పొడి చిన్న గిన్నెలు సరేసరి.

పాతదే ఉంచాలా, మార్చాలా?

నన్ను అందరూ ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. అన్నిటికీ ఒకే జవాబు లేదు. వస్తువుల్ని రెండు కుప్పలు చేసుకోవాలి.

మొదటి కుప్ప, తయారీలోనే భారమంతా ఖర్చైపోయినవి. ఫోను, ల్యాప్‌టాప్, బట్టలు, ఫర్నిచర్. స్మార్ట్‌ఫోన్ జీవితకాలంలో వెలువడే కర్బనంలో సుమారు 80 శాతం అది మన చేతికి రాకముందే వెలువడిపోతుందని తయారీదారుల లెక్కలే చెబుతున్నాయి. గనిలో తవ్వడం, లోహం శుద్ధి చేయడం, చిప్పు చేయడం, అన్నీ అయ్యాకే అది పెట్టెలోకి వస్తుంది. మనం రోజూ చార్జింగ్ పెట్టే కరెంటు దాని ముందు తక్కువే. ఇలాంటి వస్తువుని ఎంతకాలం వాడితే అంత మేలు. బ్యాటరీ దిగిపోతే బ్యాటరీ మార్చండి, ఫోను కాదు. పాత ఫోను సొరుగులో పడి ఉంటే దాన్ని గుర్తింపు ఉన్న సేకరణ కేంద్రానికే ఇవ్వండి. 2022లో ప్రపంచంలో పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు, అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకి వచ్చింది 22 శాతమే.

రెండో కుప్ప, వాడకంలో తినేవి. ఫ్రిజ్, ఏసీ, నీళ్ల హీటరు, పెట్రోలు కారు. ఇవి ప్లగ్గు పెట్టినంతకాలం, రోడ్డెక్కినంతకాలం తింటూనే ఉంటాయి. బాగా పాతబడి కరెంటు విపరీతంగా లాగే ఫ్రిజ్‌ని పట్టుకుని వేలాడటం పొదుపు కాదు. ప్లగ్గుకి మీటరు పెట్టి వారం రోజులు ఎంత లాగుతుందో చూసుకుని, కొత్తదాని లేబుల్ మీద ఉన్న ఏడాది యూనిట్లతో పోల్చుకోండి. మా అమ్మాయి వాళ్లు సరిగ్గా ఇలాగే చూసుకుని కొత్త ఫ్రిజ్ కొన్నారు. పాతది? గరాజ్‌లో పెట్టి కూల్‌డ్రింకుల కోసం నడుపుతున్నారు! నాలుగో గడిలో "ఉంది, నడుస్తోంది" అని రాయాల్సి వచ్చింది. తక్కువ ఇంధనంతో నడిచే యంత్రం వస్తే మొత్తం వాడకం తగ్గకపోగా పెరగవచ్చని ఇంగ్లండ్ ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే బొగ్గు విషయంలో చెప్పాడు. గరాజ్‌లో ఫ్రిజ్ చూసి నాకు ఆయన గుర్తొచ్చాడు.

కొనక తప్పనప్పుడు, విప్పడానికి వీలవుతుందా అని అడగండి. మూత మరలతో బిగించారా, జిగురుతో అతికించారా? విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి? ఫ్రాన్స్‌లో 2021లో ఫోన్లు, వాషింగ్ మెషీన్ల లాంటి కొన్ని వస్తువుల మీద రిపేరు ఎంత సులువో పదికి మార్కులు వేసి చూపించాలన్న నియమం పెట్టారు. మీ దగ్గర అలాంటిది లేకపోతే ఆ మార్కులే ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. ఇక రిపేరు చేతకానివాళ్లకి రిపేర్ కఫేలున్నాయి. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా మొదలుపెట్టారు, ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తున్నాయి. పాడైన వస్తువు పట్టుకెళితే తెలిసినవాళ్లు పక్కన కూర్చుని మీ చేతే బాగు చేయిస్తారు. నేను ఆరు శనివారాలు అలాంటి చోట బల్ల వేసుకుని కూర్చున్నాను. వచ్చిన టోస్టర్లలో చాలావాటికి రోగం ఒకటే, లోపల రొట్టె పొడి.

పర్యావరణం పేరు చెప్పి అమ్మేవి ఇంకో తలనొప్పి. మా ఇంట్లో గుడ్డ సంచులు 19 లెక్కకి వచ్చాయి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018 అధ్యయనం ప్రకారం, ఒక్క వాతావరణం లెక్కే చూసుకున్నా మామూలు నూలు సంచి ఒక ప్లాస్టిక్ సంచికి సాటి రావాలంటే దాన్ని 52 సార్లు వాడాలి. నీళ్లు, నేల, మిగతావన్నీ కలిపితే ఆ అంకె వేలల్లోకి పోతుంది. సంచి తప్పు కాదు. ఒక సంచి చాలు, 19 తప్పు.

తిండి గురించి క్లుప్తంగా. స్టోర్స్ సూత్రం ముందొచ్చింది ముందు వాడటం. కొత్తగా తెచ్చినవి వెనక్కి, పాతవి ముందుకి జరపండి. ఫ్రిజ్ తలుపు మీద లోపల ఏమున్నాయో, ఏది ముందు అయిపోవాలో కాగితం అంటించండి. 2022లో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులు, అందులో 60 శాతం ఇళ్ల నుంచే. ఇది ఒక్క సంపన్న దేశాల జబ్బు కూడా కాదు, ఇళ్లలో పారేయడం మధ్యాదాయ దేశాల్లోనూ ఇంచుమించు అంతే ఉందట.

ఎ క్లాసు సంగతి

ఇంతవరకు చెప్పినవన్నీ బాగానే ఉన్నాయి కానీ, స్టోర్స్‌లో ఎబిసి అని ఒక లెక్క ఉంది. వేల రకాల సరుకులో ఏ కొన్నిటి విలువో మొత్తంలో ముప్పాతిక వంతు ఉంటుంది. అవి ఎ క్లాసు. వాటి మీద రోజూ కన్నుండాలి. సి క్లాసు అంటే వాషర్లు, మేకులు. ఎంత పొదుపు చేసినా మొత్తం లెక్క పెద్దగా కదలదు.

టీషర్టులు, వైర్లు అలవాటు కుదరడానికి మంచివి. కానీ ఇంటి ఎ క్లాసులో ఉండేవి కారు, విమాన ప్రయాణాలు, మాంసం (అందులోనూ పశుమాంసం), ఇంటి పరిమాణం. 2017లో సెత్ వైన్స్, కింబర్లీ నికొలస్ అనే పరిశోధకులు సంపన్న దేశాల మనిషి ఏడాదికి వెలువరించే కర్బనాన్ని ఏది ఎంత తగ్గిస్తుందో పోల్చి చూశారు. ఏడాది పాటు కారు లేకుండా గడిపితే సుమారు 2.4 టన్నులు. అట్లాంటిక్ దాటి వెళ్లొచ్చే ఒక్క విమాన ప్రయాణం మానుకుంటే 1.6 టన్నులు. ఏడాదంతా శ్రద్ధగా రీసైక్లింగ్ చేస్తే 0.2 టన్నులు. ఇక ఇల్లు: అమెరికాలో కొత్తగా కట్టే ఇంటి మధ్యస్థ వైశాల్యం 1973లో సుమారు 1,500 చదరపు అడుగులుంటే 2015 నాటికి 2,400 దాటింది. ఇంట్లో మనుషులు తగ్గారు, రాక్‌లు పెరిగాయి.

ఇవి రిజిస్టర్‌లో ఎక్కవు. గుమ్మం దాటి లోపలికి రావు కదా. అందుకని చివరి పేజీలో విడిగా నాలుగు వరుసలు గీసి, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు కారు నడిచింది, ఎన్నిసార్లు విమానం ఎక్కారు అని రాయండి. మా వాళ్లు రెండో కారు అమ్మడానికి ఎనిమిది నెలలు వాదించుకుని చివరికి అమ్మేశారు. పెట్టెలు 41 నుంచి నెలకి 11కి దిగాయి, సెలవుల నెలలో మాత్రం మళ్లీ 30. ఆ నెల నేను పుస్తకం జోలికి పోలేదు.

విమానాల వరుస దగ్గర మాత్రం అందరం మౌనంగా ఉండిపోయాం. అందులో పెద్ద పద్దు నేనే. నన్ను చూడటానికి వాళ్లు ఏడాదికి రెండుసార్లు రెండేసి వారాలకి వచ్చేవాళ్లు, మధ్యలో నేనొకసారి వెళ్లేవాణ్ని. "దీన్ని తగ్గించమంటావా నాన్నా?" అని అమ్మాయి అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులు ఆగి ఒక మాట అనుకున్నాం. వాళ్లు రెండేళ్లకోసారి వచ్చి నెల పైన ఉంటారు. మధ్యలో ఏడాది నేను వెళ్లి ఆరు నెలలు ఉంటాను. ప్రయాణాలు తగ్గాయి, కలిసి ఉండే రోజులు పెరిగాయి. అయినా ఆ వరుస సున్నా కాలేదు, నేను బతికుండగా కాదు కూడా.

కిందటిసారి నేను వెళ్లేసరికి మనవడు రిజిస్టర్ తెరిచి సిద్ధంగా ఉన్నాడు. తేదీ వేశాడు. వస్తువు: తాతయ్య. ఎందుకు: ఆరు నెలలకి. నాలుగో గడి దగ్గర కాసేపు పెన్ను కొరుకుతూ ఆలోచించి, "ఇదే పాతది" అని రాశాడు.